ఇరవై నాలుగు రెట్లు

ఆ మనిషి వేటగాడు కాదని భూమేశ్‌కు మూడో ప్రశ్నకే తెలిసిపోయింది.

వేటగాడైతే ముందు బరువు అడుగుతాడు. కొండలెక్కాల్సింది వాడే కదా! తర్వాత పొద్దువాలే వేళ తుపాకీ స్కోప్‌లో ఎంత వెలుతురు కనబడుతుందని అడుగుతాడు. జంతువు పరుగు తీస్తే చూపులోంచి జారిపోతుందా అని అడుగుతాడు. ఈ విక్టర్ అనేవాడు వాటిలో ఒక్కటీ అడగలేదు. "ఐదు వందల నలభై మీటర్లకు లోపల గీత ఉందా?" అన్నాడు. ఐదు వందలు కాదు, ఆరు వందలు కాదు, ఐదు వందల నలభై! జింక ఎక్కడ నిలబడుతుందో టేపు పెట్టి కొలుచుకొని వచ్చిన వేటగాణ్ణి భూమేశ్ ఇంతవరకు చూడలేదు.

ఒమన్‌లోని రుస్తాఖ్ ఊళ్లో వేట సామాన్ల షాపు. బుధవారం, ఉదయం పది. యజమాని సాలిం కాఫీకి బయటికి వెళ్లాడు. కౌంటర్‌కు ఇవతల భూమేశ్, అవతల విక్టర్. విక్టర్ భుజం పక్కన ఒక స్త్రీ. నల్లటి అబాయా, కళ్లకు కాటుక, షాపంతా కమ్ముకున్న ఊద్ అత్తరు. చూసినవాళ్లు రెండోసారి చూడకుండా ఉండలేని మనిషి.

"ఇక్కడ ఉసిరి నూనె దొరుకుతుందా?" అని ఆమె ఉర్దూలో అడిగింది.

ఆ మాట భూమేశ్‌కు తెలుసు. కోడ్ వర్డ్. అంటే ఈమే హుమా. సీబ్‌లో బ్యూటీ పార్లర్ నడుపుతూ, విక్టర్ ముఠాకు ఒక చేత్తో, భూమేశ్ పనిచేసే ఇంటెలిజెన్స్ ఏజెన్సీకి ఇంకో చేత్తో సమాచారం అందించే డబుల్ ఏజెంట్. ఏ చెయ్యి అసలుదో ఎవరికీ తెలియదు.

"తుపాకీ నూనె ఒక్కటే ఉంది, మేడం," అన్నాడు భూమేశ్. అదే జవాబు కోడ్.

తర్వాత రెండు స్కోపులు తీసి కౌంటర్ మీద పెట్టాడు. ఒకటి మూడు నుంచి తొమ్మిది రెట్లు పెంచి చూపేది. ఇంకొకటి ఆరు నుంచి ఇరవై నాలుగు. ఆర్నెల్లుగా ఈ షాపులో పెద్ద స్కోప్ అడిగిన ప్రతివాణ్ణీ అతను బతిమాలి చిన్నదానికి ఒప్పించేవాడు. పవర్ పెరిగితే లోకం ఇరుకవుతుంది, కనబడేది గోరంత, చెయ్యి కొంచెం వణికినా అంతా వణుకుతుంది, ఎండెక్కాక నేల మీది వేడి అంతా అద్దంలో ఉడుకుతుంది అని చెప్పేవాడు. నా లాభం పోగొట్టడానికే నిన్ను పెట్టుకున్నానా అని సాలిం ఏడిపించేవాడు కూడా. ఆ రోజు మాత్రం భూమేశ్ పెద్దదాన్ని గుడ్డతో తుడిచి ముందుకు జరిపాడు.

"అంత దూరానికైతే ఇదే సార్. ఇరవై నాలుగు."

విక్టర్ కన్ను పెట్టి, జూమ్ రింగ్ అటూ ఇటూ తిప్పి, పెదవి విరిచాడు. "గీతలు పెరగడం లేదు."

"వేట స్కోప్ కదా సార్."

సైన్యంలో వాడే మంచి స్కోపుల్లో జూమ్ తిప్పితే బొమ్మతోపాటు లోపలి గీతలు కూడా పెరుగుతాయి, తరుగుతాయి. ఏ పవర్ మీద పెట్టినా గీత లెక్క తప్పదు. వేట స్కోపుల్లో చాలావాటికి గీతలు కదలవు, బొమ్మ ఒక్కటే మారుతుంది. కాబట్టి దూరాన్ని బట్టి ఏ గీత మీద గురి పెట్టాలన్న లెక్క ఫుల్ పవర్‌లోనే నిజం. పవర్ సగానికి తగ్గించి అదే గీత మీద గురి పెడితే గుండు మనిషి మీదినుంచి ఎగిరిపోతుంది. విక్టర్‌కు ఇది తెలియక కాదు. ఇరవై ఏళ్లు మొదటి రకంతో కాల్చిన చెయ్యి అది.

"పరవాలేదు. నేను పవర్ తగ్గించను," అన్నాడు విక్టర్.

"ఫుల్‌లోనే జీరో చేసుకోండి సార్. పొద్దున్నే, చల్లగా ఉన్నప్పుడు."

అందులో ఒక్క అబద్ధమూ లేదు. అదే భూమేశ్‌కు కావలసింది. స్కోప్‌ను చెడగొట్టి అమ్మితే మర్నాడు జీరో చేసి గురి సరిచూసుకునేటప్పుడే దొరికిపోతుంది. మంచి స్కోప్, మంచి సలహా. మిగతాది ఎండ చూసుకోవాలి.

వాళ్లు కారెక్కగానే భూమేశ్ గోదాంలోకి వెళ్లి ఫోన్ తీశాడు. అవతల పెంచలయ్య. మస్కట్‌లోని రూవీలో మెస్ నడుపుకునే నెల్లూరాయన అనుకుంటారు అందరూ. ఒమన్‌లో ఏజెన్సీకి చీఫ్ ఆయనే.

"కొన్నాడా అబ్బయా?"

"కొన్నడు సార్. వాడేనా?"

"వాడే. షినాస్ కాడ పడవలోంచి దిగేటప్పుడు వాడి స్కోప్‌లోకి ఉప్పునీళ్లు పోయినాయంట. హుమానే నీ షాపుకి తోలుకొచ్చింది."

"ఇప్పుడే పట్టుకుంటే అయిపోతది కదా సార్?"

"ఏమని పట్టుకుంటావ్? వాడి చేతిలో నువ్వు రాసిచ్చిన బిల్లు తప్ప ఏముంది? రైఫిల్ యాడ దాచాడో హుమాకి గూడా తెలీదు. ఇను. శుక్రవారం మనోళ్ల కార్తీక వనభోజనాలు. రుస్తాఖ్ బయట ఖర్జూరం తోట. ఆడికి అనూహ్య వస్తది."

అనూహ్య పేరు భూమేశ్‌కు ముందే తెలుసు. కాకినాడ పిల్ల. సముద్రం అడుగున వేసే కేబుల్ కంపెనీలో ఇంజినీర్. నెల క్రితం సర్వేలో కేబుల్‌కు అతికించిన ఒక పెట్టెను కనిపెట్టింది. రెండు దేశాల మాటలను దొంగతనంగా వినే పెట్టె అది. దాన్ని ఎవరు పెట్టించారో చెప్పే కాగితాల మీది సంతకాలు ఆమె ఒక్కతే చూసింది. ఆదివారం మస్కట్‌లో వాంగ్మూలం ఇవ్వాలి. ఇస్తే ముఠా మొత్తం బయటపడుతుంది. ఇవ్వకుండా చేయడానికే విక్టర్ వచ్చాడు.

"ఆ పిల్లను రావద్దని చెప్పుండ్రి సార్."

"రాకపోతే వాడు మాయమైపోతాడు. ఇంకో వారం, ఇంకో ఊరు. వాడు యాడ కూర్చుంటాడో మనకి తెలిసింది ఈ ఒక్కసారే. తూర్పు కొండ. హుమా చెప్పింది. ఇక్కడి సెక్యూరిటీ టీం పొద్దున్నే ఎక్కి కూర్చుంటది. వాడు వస్తానే పట్టేస్తారు."

"అంటే పిల్లను ఎర పెడుతున్నం."

"ఎర అనబాకబ్బయా." పెంచలయ్య గొంతు తగ్గింది. "నాకు గూడా కూతురుండాది."

ఫోన్ పెట్టేశాక భూమేశ్ ఖాళీ డబ్బా మీద కూలబడ్డాడు. ఆర్నెల్ల క్రితం షినాస్ రేవులో ఈ విక్టరే అతని జోడీ సంజీవ్‌ను కాల్చాడు. సంజీవ్‌ను కాపాడాల్సిన తుపాకీ భూమేశ్ చేతిలోనే ఉంది. స్కోప్ ఇరవై మీద ఉంది. పడవల గుంపులో అంత ఇరుకు చూపుతో వెతుకుతూ, తాళ్లు, వలలు, ఒక మనిషి చెవి, ఒక బల్ల చూశాడు తప్ప విక్టర్‌ను చూడలేకపోయాడు. రింగ్ తగ్గించాలని తట్టేసరికి సంజీవ్ పడిపోయాడు. ఆ తర్వాత వచ్చిన ప్రతి కస్టమర్‌కూ పెద్ద పవర్ వద్దని చెప్పడం అతను తనకు తాను వేసుకున్న శిక్ష. ఈ రోజు ఆ తప్పునే డబ్బాలో పెట్టి, రిబ్బన్ కట్టి విక్టర్‌కు అమ్మాడు.

సెక్యూరిటీ టీం పట్టుకుంటే సరే. పట్టుకోకపోతే? పవర్ తగ్గించనన్నవాడి చేత తగ్గింపజేయాలి. ఇరుకు చూపులో ఆ పిల్ల దొరకకపోతేనే తగ్గిస్తాడు. ఆ తొందరలో ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ గీత మార్చకుండా కాలుస్తాడు. హుమా గురువారం ఒక్క వాక్యం మెసేజ్ పెట్టింది. "ఆకుపచ్చ చీర అని వాడికి చెప్పారు." అనూహ్య తన చీర ఫోటోను తెలుగు అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో పెట్టిందట. ఆ గ్రూపులో ముఠా చెవి కూడా ఒకటి ఉందన్నమాట.

భూమేశ్ వెంటనే సుమలతకు ఫోన్ చేశాడు. ఆమె తెలుగు అసోసియేషన్ సెక్రటరీ, సీబ్‌లో ఉంటుంది. భూమేశ్ ప్రతి ఏడూ వనభోజనాలకు జగిత్యాల కుర్రాళ్లను వెంటేసుకుని వంట చేస్తాడు. అది అతని ముసుగూ, అతని సరదా కూడా.

"మేడం, రేపు ఆడోళ్లందరు పసుపు చీరలు కట్టుకుంటె ఎట్లుంటది?"

"ఏంటి భూమేశ్, ప్రోగ్రాం రేపు పెట్టుకుని ఇప్పుడా చెప్పేది? ఒక్కొక్కళ్లు నెల నుంచి మ్యాచింగ్ గాజులు కొనుక్కుని కూర్చున్నారు. నన్ను బతకనిస్తారా?"

"డ్రోన్ వీడియో తీస్తున్నరంట కదా మేడం. మీదికెళ్లి చూస్తె బంతిపూల తోట లెక్క కనవడ్తది."

అర్ధగంటలో గ్రూపులో డ్రెస్ కోడ్ వచ్చింది. దాని వెనకే తిట్లూ వచ్చాయి. రాత్రికి నూట నలభై మంది ఆడవాళ్లు బీరువాలు తిరగేసి నిమ్మపండు రంగు, పసుపు, ఆవపిండి రంగు, దొరికిన చీరకు ఇస్త్రీ పెట్టుకున్నారు. రహస్య పోరాటాల చరిత్రలో ఇంతమందిని ఇంత తక్కువ సమయంలో మారువేషంలోకి దింపిన ఏజెంట్ ఇంకొకడు ఉండడు.

శుక్రవారం. తోట అంచున రెండు ఖర్జూరపు చెట్ల మధ్య ఇంటికప్పంత ఎత్తున ఫ్లెక్సీ. దాని మీద అసోసియేషన్ ప్రెసిడెంట్ వెంకటేశ్వర రావుగారి నవ్వు ముఖం. కింద స్టేజీ. ఉసిరిచెట్టు లేదు కాబట్టి కుండీలో ఎవరో పెంచిన ఉసిరి మొక్కకు పూజ చేశారు. స్టేజీ పక్కనే ఫలజ్, రాతిగట్ల మధ్య మోకాలి లోతున పారే నీటి కాలువ. తోటకు ఎదురుగా బట్టతల లాంటి గులకరాళ్ల మైదానం, ఆ మైదానానికి తూర్పున ఒక కొండ, పడమర ఒక కొండ. పదకొండున్నరకే రాళ్ల మీద గాలి ఉడుకుతున్న నీళ్లలా కదులుతోంది.

భూమేశ్ తలకు తువ్వాలు చుట్టి, విక్టర్ గుర్తుపట్టకుండా పెట్టుడు మీసం పెట్టి, బగారా అన్నం డేగిసా దగ్గర నిలబడ్డాడు. తువ్వాలు కింద చెవిలో ఇయర్‌పీస్.

"భూమేశ్ గారూ, ఈ మీసం ఎప్పుడు పెంచారండీ?" పసుపు చీరలో ఒక సన్నటి అమ్మాయి పులిహోర వేలితో తీసుకుని నోట్లో వేసుకుంది. అనూహ్య. "ఇంగువ కాస్త తగ్గిందండి. మా కాకినాడలో అయితే ఒప్పుకోరు."

"వచ్చే ఏడు సరిగ్గ ఏస్త మేడం. మీరు రావాలె మల్ల."

"రాకుండా ఎక్కడికి పోతానండీ!" అని నవ్వి వెళ్లిపోయింది. ఆమెకు ఏమీ తెలియదు. ఆదివారం చెప్పాల్సిన మాటల గురించి భయపడుతూ, మధ్యలో ఇంగువ గురించి ఆలోచిస్తున్న మనిషి. ఈమెను ఎర అనకూడదట!

పన్నెండుకు పది నిమిషాలు. ఇయర్‌పీస్ గరగరలాడింది.

"అబ్బయా, తూర్పు కొండ మీద ఎవురూ లేరు. పొద్దున్నించీ రాళ్లు తప్ప ఏం లేవు."

"హుమా?"

"ఫోన్ ఎత్తడం లా. మోసపోయినామో ఏమో."

అప్పుడే పడమటి కొండ అడుగున ఒక తళుకు. ఆగి మళ్లీ తళుకు. ఇంకోసారి. మూడుసార్లు. ఆడవాళ్ల పౌడర్ డబ్బా అద్దం. హుమా ఎమర్జెన్సీ సిగ్నల్ అది. విక్టర్ ఆమెను నమ్మలేదు, తప్పుడు కొండ పేరు చెప్పి పరీక్షించాడు, ఇప్పుడు కారుతో కింద కాపలా పెట్టి తాను పైకెక్కాడు.

"పడమర సార్! వాడు పడమటి కొండ మీద ఉన్నడు!"

"టీం కొండ దిగి, వాదీ వాగు చుట్టి రావాల. పన్నెండు నిమిషాలు. ఆపు అబ్బయా, ఏదో ఒకటి చేసి ఆపు!"

ఆ మాట వింటూనే భూమేశ్ స్టేజీ వైపు చూశాడు. సుమలత మైకు అందిస్తోంది. "ఇప్పుడు మన చీఫ్ గెస్ట్, మన అమ్మాయి, అనూహ్య!" పసుపు గుంపులో దాచిన మనిషి, పేరు పెట్టి పిలిచేసరికి, ఫ్లెక్సీ కింద ఒంటరిగా, కదలకుండా నిలబడింది. ఐదు వందల నలభై మీటర్లు. ఆ స్టేజీనే వాడు కొలుచుకున్నది!

స్టేజీకి భూమేశ్‌కు మధ్య నూట యాభై అడుగులు, రెండు వందల కుర్చీలు. పడుకోండి అని అరిస్తే మనవాళ్లు పడుకోరు, ఎందుకని అడుగుతారు. అనూహ్య కూడా మైకు పట్టుకుని నిలబడే అడుగుతుంది. ఈలోగా వాడు ఇరవై నాలుగు మీద, సరైన గీత మీద, తీరిగ్గా కాలుస్తాడు. ఆ ఇరుకు చూపులో ఆమె తప్ప ఇంకేమీ లేదు. ఆమెను ఆ చూపులోంచి తప్పించాలి. వాడు వెతుక్కునేలా చేయాలి.

'కొండగట్టు అంజన్నా, ఈ ఒక్కసారి!' అనుకుని భూమేశ్ గరిటెతో డేగిసా మీద బలంకొద్దీ కొట్టాడు.

"మొదటి బంతి! మొదటి బంతి కూసోవాలె! పూర్ణాలు తక్కువ పడ్డయి! ముందొచ్చినోళ్లకే!"

ఒక్క క్షణం తోటంతా స్తంభించింది. ఆ తర్వాత నూట నలభై పసుపు చీరలు ఒక్కసారిగా లేచాయి. కుర్చీలు పడ్డాయి. పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, ఉపవాసం ఉన్నామన్నవాళ్లు, షుగర్ ఉందన్నవాళ్లు, అందరూ స్టేజీ ముందునుంచీ స్టేజీ మీదినుంచీ విస్తళ్ల వైపు పరుగు. మెట్ల మీద సుమలతే ఇద్దరిని నెట్టుకుంటూ దిగింది. పసుపు ప్రవాహంలో అనూహ్య మునిగిపోయింది.

భూమేశ్ ఆ ప్రవాహానికి ఎదురు ఉరికాడు. 'తిప్పు. నీకిప్పుడు ఒక జబ్బ, ఒక జడ, ఒక గాజుల చెయ్యి తప్ప ఏమీ కనబడడం లేదు. ఎండలో అన్నీ ఉడుకుతున్నాయి. షినాస్‌లో నేను తిప్పలేదు. నువ్వు తిప్పురా, నీకు దండం పెడతా, తిప్పు!' ఎవరో మోచేత్తో పొడిచారు, మీసం ఊడిపోయింది. నాకెందుకు ఇంత నమ్మకం, ఒక మనిషి బొటనవేలి అలవాటు మీద ఒక ఆడపిల్ల ప్రాణం పెట్టానే అని భూమేశ్‌కు ఏడుపొచ్చింది.

గుంపు పలచబడింది. అనూహ్య ఒక్కతే స్టేజీ మీద మిగిలింది, మైకుతో. "అయ్యో, రెండే రెండు మాటలండీ..." అంటోంది. పూర్ణాలకు పోని మనిషి ఆ తోటలో ఆమె ఒక్కతే!

ఇంకా ముప్పై అడుగులు. ఇరవై.

టప్ మంది. ఫ్లెక్సీ ఒక్కసారి అదిరింది. ఆ వెనకే, ముప్పావు సెకను తర్వాత, కొండ దగ్గర్నుంచి పేలుడు శబ్దం బోలుగా వచ్చింది.

భూమేశ్ స్టేజీ ఎక్కలేదు, ఎగిరాడు. అనూహ్య నడుము పట్టుకుని అటువైపు ఫలజ్‌లో పడ్డాడు. చల్లటి నీళ్లు ముక్కుల్లోకి పోయాయి. రాతిగట్టు చాటున ఆమె తలను తన ఛాతీకి అదుముకుని చేతులతో తడిమాడు. తల, మెడ, భుజాలు. రక్తం లేదు. మళ్లీ తడిమాడు. లేదు.

"భూమేశ్ గారూ," అంది అనూహ్య నీళ్లు ఉమ్మేస్తూ, "ఏంటండీ ఇది?"

అతను గట్టుకు తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చాడు.

రెండో గుండు రాలేదు. గట్టు చాటున ఉన్న మనిషిని కొట్టే స్కోప్ ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. విక్టర్ కొండ దిగి పరుగెత్తుకొచ్చేసరికి అక్కడ కారు లేదు. హుమా దాన్ని తోలుకుపోయింది. ఎండలో, చేత రైఫిల్‌తో, రోడ్డు పక్కన నిలబడ్డవాణ్ణి సెక్యూరిటీ టీం వాళ్లు ఎక్కువ శ్రమ లేకుండానే జీపెక్కించుకున్నారు.

సాయంత్రం పెంచలయ్య ఫోన్ చేశాడు. "పవర్ పన్నెండు మీద ఉండాది అబ్బయా. నువ్వు అడగతావని చూడమన్నా. గుండు తొమ్మిదడుగులు పైనించి పోయింది. ప్రెసిడెంట్ గారి ఫ్లెక్సీకి నుదుటి మీద బొక్క."

"హుమా ఎక్కడున్నది సార్?"

"కారు షినాస్‌లో దొరికింది. సీట్లో పౌడర్ డబ్బా ఉండాది. మనిషి లేదు. ఇక ఆ కాకినాడ పిల్ల ఆదివారం వస్తానంటాంది. భయపడతాదనుకున్నా. ఇంకా కోపంగా ఉండాది."

భూమేశ్ ఫోన్ పెట్టేసి జేబులోంచి ఒక ఫోటో తీశాడు. షినాస్ రేవులో నవ్వుతున్న సంజీవ్. "వాడు తిప్పిండు రా," అన్నాడు.

సుమలత నుంచి మెసేజ్‌లు వరుసగా వస్తూనే ఉన్నాయి. తోట పక్కన ఎవరో పండగ తుపాకీ పేల్చారని అసోసియేషన్ తేల్చుకుంది. వెంకటేశ్వర రావుగారు మాత్రం ఇది తన మీద జరిగిన కుట్రేనని, వచ్చే ఎన్నికల్లో నిలబడేవాళ్లలో ఒకడి పనేనని గట్టిగా నమ్ముతున్నారు. డేగిసా నిండా పూర్ణాలు పెట్టుకుని తక్కువ పడ్డాయని అరిచిన వంటవాణ్ణి మాత్రం ఎవరూ క్షమించేలా లేరు.

మర్నాడు శనివారం ఉదయం షాపులోకి ఒక పెద్దమనిషి వచ్చాడు. వచ్చే నెల విదేశంలో వేటకు వెళ్తున్నానని, షాపులో ఉన్నవాటిలో అన్నింటికన్నా పెద్ద పవర్ స్కోప్ చూపమని అన్నాడు. సాలిం ఆశగా భూమేశ్ వైపు చూశాడు.

భూమేశ్ మూడు–తొమ్మిది డబ్బా తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"ఇది తీసుకోండి సార్. పెద్దది మొన్న ఒకాయనకు అమ్మాను. ఆయన ఇక వేటకు వెళ్లడం లేదు."